డబ్బా టీవీకి ఉద్వాసన

డోన్ జంక్షన్‌లో నేను ప్రసంగం మొదలుపెడితే గూడ్సు బండ్లు ఆగిపోతాయి. ఆ రోజు నిజంగానే ఆగింది. డ్రైవరు కిందికి దిగి, పాత సెల్‌ఫోన్లలో ఉండే విషాల గురించి నేను చెప్పిందంతా విని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

సరే, బండి సిగ్నలు లేక ఆగింది. డ్రైవరు దిగింది ఒంటేలుకు. కన్నీళ్ళు ఓబుళేశు తుక్కు యార్డు పొగకు. ఆ పొగకు మా పేటలో అందరికీ కన్నీళ్ళే. పెళ్ళికి పోతున్నవాడెవడో చావుకు పోతున్నవాడెవడో ముఖం చూసి చెప్పలేం.

ఆ పొగలోనే యార్డు కూలి మద్దమ్మ పడిపోవడం చూశాను. నేను కాలేజీకి పోయే దారి యార్డు పక్కనుంచే. లోపల పాత టీవీలు, సెల్లులు, కంప్యూటర్లు గుట్టలుగా ఉంటాయి. ఆడవాళ్ళు వైర్లు కుప్పపోసి నిప్పు పెడతారు. పైతోలు కాలి రాగి మిగులుతుంది. రాగి కాంట్రాక్టరు ఓబుళేశుకు, పొగ ఆడవాళ్ళకు. ఆ రోజు మద్దమ్మ దగ్గి దగ్గి మంట పక్కనే కూలింది. తోటి కూలి లక్ష్మక్క బిందెతో పరుగెత్తుకొచ్చింది. ఓబుళేశు బిందె పట్టుకుని ఆపాడు.

"నీళ్ళు మంట మీద పడ్తాయి మే! ఆయమ్మను పక్కకు లాగి అప్పుడు పొయ్యి."

మద్దమ్మ తనంతట తనే లేచింది. బిందె లాక్కుని మంట మీదే కుమ్మరించింది.

"ఇంగ కాల్చేది లేదు."

"కాల్చకుంటే రాగి యాడనుంచి వస్తాది? మీ అవ్వ ఇస్తాదా?"

"కత్తితో తోలు ఒలుస్తాం. ఆలీసెమైతే కానీ."

"నాకు ఆలీసెం కుదర్దు. కాల్చేటోళ్ళు ఉండండి, కాల్చనోళ్ళు పోండి."

అందరూ పోయారు. రైలు గేటు దగ్గర పాడుబడిన రేకుల షెడ్డులో సంఘం పెట్టారు. కాల్చకుండా విప్పాలి, ఒలవాలి, మిగిలిన బోర్డుల్ని పర్మిషను ఉన్న ఫ్యాక్టరీకి పంపాలి. విద్యార్థుల తరఫున నేనూ చేరాను. నన్నెవరూ పిలవలేదు. విప్లవానికి పిలుపులేంటి?

కత్తులున్నాయి, స్క్రూడ్రైవర్లున్నాయి, సరుకే లేదు. ఊళ్ళో ఏ అటక చూసినా చచ్చిన టీవీ ఉంటుంది, కానీ దింపరు. ఓబుళేశు ఆటోకు మైకు కట్టి "పాత సెల్లుకు ఉల్లిగడ్డలు, పాత టీవీకి ప్లాస్టిక్ టబ్బు" అని అరిపిస్తున్నా ఇచ్చేది కొందరే. సరుకు రాకపోతే షెడ్డు మూత. షెడ్డు మూతపడితే మళ్ళీ ఆ మంట ముందుకే.

మీటింగు పెట్టారు.

"జనం యాలకు ఇయ్యరో ఇంటింటికీ పోయి అడుగుదాం," అంది లక్ష్మక్క.

"అడిగేదేముందక్కా? వాళ్ళకు చైతన్యం లేదు. సీసం గురించి, పాదరసం గురించి సెప్పాల."

"సెప్పినావు గదప్పా, గూడ్సు బండికి."

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. నాకు మండింది. ఇంటికి పోయి, ముక్కు మూసుకుని, గొంతు మార్చి, ఢిల్లీ పెద్ద శాస్త్రవేత్తనని చెప్పుకుంటూ వాట్సాప్‌లో ఒక మాట రికార్డు చేసి వదిలాను. పాత ఫోన్లలో ఉన్న ఫోటోలన్నీ అమావాస్య నాడు తమంతట తామే ఊరందరి సెల్లుల్లోకి వచ్చేస్తాయి, వెంటనే వదిలించుకోండి అని. జనం షెడ్డు ముందు బారులు తీరతారనుకున్నాను.

జనం వదిలించుకున్నారు. వీధుల్లో కుప్పలు పోసి కాల్చేశారు. బ్యాటరీలు టపాసుల్లా పేలాయి. ఓబుళేశు ఏళ్ళ తరబడి కష్టపడి తయారుచేసిన పొగను నేను ఒక్క పూటలో దాటేశాను. ఏ పొగ వద్దని యార్డు వదిలి వచ్చారో ఆ పొగలోకే మద్దమ్మ, లక్ష్మక్క బిందెలు పట్టుకుని వీధి వీధికీ పరుగెత్తారు.

"ఏ నాశినకారి పుట్టించినాడో ఈ మాట!" అంది లక్ష్మక్క, మసి తుడుచుకుంటూ.

"ఓబుళేశు మనుషులేనక్కా," అన్నాను. "మనల్ని దెబ్బతీసేకి."

నమ్మింది. అందరూ నమ్మారు.

మర్నాడు మద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని వెంకటలక్ష్మమ్మ అనే ముసలామె ఇంటికి పోయింది. అటక మీద డబ్బా టీవీ. దాని నుదుట ఎన్నో దసరాల కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి ఉంది.

"యాలకియ్యవు అవ్వా?"

"ఏటా ఆయుధపూజకు బొట్టు పెట్టినా దీనికి. పూజ సేసిండేదాన్ని ఉల్లిగడ్డలకిచ్చి, వాడు తీస్కపోయి కాలబెడ్తే నాకు పాపం గాదా?"

"అవ్వా, అది పిక్చర్ ట్యూబు. దేవుడు గాదు," అన్నాను.

"నువ్వు నోర్ముయ్యప్పా," అంది మద్దమ్మ. "అవ్వా, ఆకూ వక్కా, కర్పూరం ఉండాయా?"

టీవీని కిందికి దింపించింది. హారతి ఇచ్చింది. అక్షింతలు వేసి, చవితి వినాయకుణ్ణి సాగనంపేటప్పటిలా కొంచెం కదిలించి ఉద్వాసన చెప్పింది. బొట్టు కొంగుతో తుడిచింది.

"ఇంగ ఇది ఉత్త డబ్బా అవ్వా. కాల్చము. నమ్మకుంటే వచ్చి మా షెడ్డులో కూసోని సూడు."

ముసలామె వచ్చింది, కూర్చుంది, చూసింది. ఒక్కో స్క్రూ ఊడుతుంటే "నెమ్మదిగా మే, నెమ్మదిగా" అంది. ఇంటికి పోయి వీధంతా చెప్పింది. ఆ తర్వాత పేటలో కర్పూరానికి కరువొచ్చింది. బొట్లు పెట్టిన మిక్సీలు, టేప్ రికార్డర్లు, కంప్యూటర్లు తలల మీద ఊరేగుతూ షెడ్డుకు వచ్చాయి. ఒకాయన తప్పెట కూడా కొట్టించాడు. ఓబుళేశు ఆటోలో ఉల్లిగడ్డలకు మొలకలొచ్చాయి.

అప్పుడు పోలీసు జీపు వచ్చింది. సంఘమోళ్ళే పుకారు పుట్టించి, ఊరు తగలబెట్టించి, సరుకు కాజేస్తున్నారని ఓబుళేశు ఫిర్యాదు. ఎస్సై షెడ్డుకు తాళం వేసి, "నాయకురాలెవరు? ఎక్కు" అన్నాడు. మద్దమ్మ ఎక్కలేదు. జీపు ముందు కూర్చుంది. లక్ష్మక్క కూర్చుంది. వెంకటలక్ష్మమ్మ కూర్చుంది. తప్పెటాయన, పేటంతా కూర్చుంది.

"పుట్టించింది ఓబుళేశు!" అని అరిచారు. అందరికంటే గట్టిగా నేనే అరిచాను.

ఎస్సై తన ఫోను ఎత్తిపట్టి ఆ మాట వినిపించాడు. ఢిల్లీ శాస్త్రవేత్త గంభీరంగా అమావాస్య దాకా వచ్చాడు. అక్కడిదాకా విని అగ్గిపెట్టెలకు పరుగెత్తిన జనం ఆ తర్వాతది ఎప్పుడూ వినలేదు. ఆయన వెనకనుంచి మా అమ్మ గొంతు: "రేయ్ పరమేషా, బువ్వ సల్లారిపోతాంది, రా!"

జనమంతా నావైపు తిరిగారు. ఇంకో పరమేష్ ఎవరైనా ఉన్నాడేమోనని నేనూ వెనక్కి తిరిగాను. లేడు.

"నువ్వు గాదని తేలింది. లేయ్," అన్నాడు ఎస్సై మద్దమ్మతో.

"తాళం తీసినాకనే లేస్తాం," అంది మద్దమ్మ. నావైపు చూడకుండానే, "సెప్పప్పా, అందరికీ ఇనపడేటట్టు" అంది.

గొంతు మార్చడానికి ఇంకేమీ మిగల్లేదు.

"నేనే. ఓబుళేశు గాదు. బయపెడ్తేనే మీరు కదుల్తారనుకున్యా. మీ వీధుల్లో ఆ పొగ నాది. దాన్ని ఆర్పేకి మీరు ఉరుకుతాంటే గూడా నేను అబద్ధమే సెప్పినా."

ఎవరూ కొట్టలేదు, క్షమించనూ లేదు. తాళం అట్లాగే ఉంది. వెంకటలక్ష్మమ్మ కొంచెం పక్కకు జరిగింది.

"నిలబడి మాట్లాడింది సాలు. కూసో."

జీపు ముందు, మట్టిలో, కూర్చున్నాను.