అప్పగించుచున్నాము

మా వదిన ప్రార్థన మొదలుపెడితే తిరిగే ఫ్యాను కూడా తల వంచుకుంటుందని అన్నయ్య ఆటపట్టించేవాడు. ఆమె గొంతు మంచిది, జ్ఞాపకం అంతకన్నా మంచిది. సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు కొత్తింట్లో దిగినా, ఎవరు పోయినా ముందు కబురు వెళ్ళేది ఆమెకే. కళ్ళు మూసుకోగానే ఆ సందర్భానికి తగిన ప్రార్థన తడుముకోకుండా వచ్చేసేది. నేను చాటుగా ఆమెను టేపురికార్డరు అనేదాన్ని. నాకు నోరు కాస్త ఎక్కువే. అలాగని నేనేదో పెద్ద భక్తురాలినీ కాదు. వెనక వరసలో కూర్చుని, ఆమె ఎప్పుడు 'యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ' అంటుందా, ఎప్పుడు ఆమెన్ అనేసి ఇంటికి పోదామా అని చూసే రకాన్ని.

అన్నయ్యది మోటార్లు బాగుచేసే షాపు. కాలిపోయిన మోటారు తెచ్చిస్తే పాత రాగితీగ లాగేసి కొత్తది చుట్టి, పైన వార్నిషు పోసి ఇస్తాడు. చుడుతున్నంతసేపూ తనలో తాను గొణుక్కునేవాడు. ఏమిటని అడిగితే "ఏదో మాట్లాడుకుంటున్నాలే" అనేవాడు. చర్చిలో మాత్రం అతని నోట ఒక్క మాట వచ్చేది కాదు.

ఆ అన్నయ్యకి గుండె రక్తనాళాలు పూడుకుపోయాయన్నారు. వెంటనే ఆపరేషను చేయాలన్నారు. బతకొచ్చు, బతకకపోనూ వచ్చునని పెద్ద డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు.

ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు మమ్మల్నిద్దరినీ లోపలికి రానిచ్చారు. అన్నయ్య స్ట్రెచరు మీద పచ్చ గౌనులో, కాగితపు టోపీలో ఉన్నాడు. నర్సు స్పిరిటు పెట్టి ఎంత తుడిచినా గోళ్ళ చుట్టూ వార్నిషు మరకలు పోలేదు. అతను వదిన చెయ్యి పట్టుకున్నాడు.

"భయంగా ఉందే," అన్నాడు. "ప్రార్థన చెయ్యి. అందరికీ చేసేది కాదు. నాకోసం చెయ్యి."

"అలాగేనండీ," అంది వదిన. కళ్ళు మూసుకుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ, దయామయుడా, నీకు స్తోత్రములు. ఈ సహోదరుని నీ చేతులకు అప్పగించుచున్నాము..."

జబ్బుచేసిన వాళ్ళ కోసం చేసేదైనా, సమాధి దగ్గర చేసేదైనా వదిన ప్రార్థన ఇక్కడిదాకా ఒకటే. ఇక్కడినుంచే దారి చీలుతుంది. ఆ మధ్య ఆమె వరసగా సమాధుల దగ్గరికే వెళ్ళివచ్చింది. అలవాటైన దారిలో కాళ్ళు వాటంతటవే మలుపు తిరిగినట్టు ఆమె నోరు అటు తిరిగింది.

"...ఇతని యాత్రను ముగించి నీ విశ్రాంతిలో చేర్చుకొనుచున్నందుకు వందనములు. దుఃఖములో ఉన్న ఈ కుటుంబమును ఆదరించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

"ఆమెన్," అన్నాను నేను.

అన్నాక గానీ విన్నది బుర్రకెక్కలేదు. స్ట్రెచరు తోయడానికి వచ్చినాయన పాపం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అన్నయ్య వదిన చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకున్నాడు.

"ఇద్దరూ కలిసి అప్పుడే సాగనంపేశారా," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. స్ట్రెచరు కదిలింది. తలుపులు మూసుకున్నాయి.

"అదేంటి, ఆయన అలా అన్నారు?" అని వదిన నావైపు తిరిగింది. "నేనేమన్నాను?"

ఆమెకి నిజంగానే తెలియదు. చెప్పకుండా ఉండాల్సింది, కానీ ఆమె నా భుజం పట్టుకుని కుదిపేస్తోంది. చెప్పేశాను.

వదిన బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. "ఆయన విన్నారా?" అంది.

"విన్నాడు."

"అదే మనసులో పెట్టుకుని లోపలికి వెళ్ళారా?"

నేను మూసిన తలుపు వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. 'అప్పగించుచున్నాము' దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. తన నోరు ఎటు తిరుగుతుందో తనకే నమ్మకం లేదు. ఎదురుగా ఆపరేషను గది తలుపు మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఎవరు లోపలినుంచి వచ్చినా ఇద్దరం లేచి నిలబడేవాళ్ళం.

అంతలో పాస్టరుగారు సంఘంలోని ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. అందరూ చుట్టూ నిలబడ్డారు.

"అమ్మా, మీరే నడిపించండి," అన్నారాయన.

"నాకు రావడం లేదండీ."

"ఎందుకు రాదమ్మా, అలవాటైన నోరేగా!"

ఆయన ధైర్యం చెబుదామనే అన్నారు. వదిన మాత్రం చెంప మీద కొట్టినట్టు ఆయన్ని చూసింది. కాసేపటికి, కళ్ళు మూసుకోకుండానే, నేల చూపులు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఇందాక అన్నది పట్టించుకోకు. అన్నది నా నోరు, నేను కాదు. నేను ఆయన్ని అప్పగించడం లేదు. ఆయన నాకు కావాలి. ఇన్నేళ్ళూ అందరి తరఫునా నీకు చెప్పుకుంటూ పోయానే గానీ, నువ్వు వింటున్నావా అని ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. ఇప్పుడు చచ్చేంత భయంగా ఉంది. నువ్వు లేవేమోనని భయం. ఉండి కూడా కాదంటావేమోనని ఇంకా భయం. ఆయన లోపల ఒక్కరే ఉన్నారు, ఆయన దగ్గరికి వెళ్ళు. నన్ను కూడా వదిలెయ్యకు. నాకింకేం చెప్పాలో తెలీదు."

దేవుడితో ఆ ధోరణేమిటన్నట్టు ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పాస్టరుగారు ముగింపు మాట కోసం తల వంచుకునే ఉన్నారు. అది రాలేదు. ఎక్కడ ఆమెన్ అనాలో ఎవరికీ తెలియలేదు.

నేను ఆమె చెవి దగ్గరికి వంగాను. "అయిపోయిందా వదినా? ఆమెన్ అననా?"

"ఇంకా లేదు," అంది.

సంఘంవాళ్ళు కాసేపు ఇబ్బందిగా నిలబడి ఒక్కొక్కరే వెళ్ళి దూరంగా కుర్చీల్లో కూర్చున్నారు. వదిన కదల్లేదు. అప్పుడప్పుడూ ఒక మాట వినబడేది. 'వింటున్నావా' అనో, 'ఇంకెంతసేపు' అనో. వెక్కిరించడానికి నా నోరు లేవలేదు. నాకూ భయమేసింది, అన్నయ్య గురించి ఒక్కటే కాదు. నేను ఇన్నాళ్ళూ ఆమెన్ అన్నది ఎవరితోనో నాకూ తెలియదు.

ఎర్రలైటు ఆరిపోయింది. తలుపు కొంచెం తెరిచి నర్సు తల బయటపెట్టింది. మాస్కు తీయలేదు. ఆ కళ్ళలో మంచి ఉందో చెడు ఉందో ఎంత చూసినా అర్థం కాలేదు.

"పేషెంటు తాలూకు వాళ్ళు రండి. డాక్టరుగారు పిలుస్తున్నారు," అంది.

వదిన కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. చీరకొంగుతో మొహం తుడుచుకుంది.

"పద," అంది.

నాతోనే అనుకుని సంచి అందుకున్నాను. ఆమె నావైపు చూడనే లేదు. ఆ ప్రార్థనకి ఇంకా ఆమెన్ పడలేదు.