పొయ్యి పక్కన చోటు

కంచరగాడిదలు పైనుంచి దిగుతుంటే మన్‌సరా దారి పక్క లోయ వైపు తప్పుకుంది. కొండ వైపు తప్పుకోవాలని ఆ దారిలో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ ముప్పై అయిదు కిలోల బుట్ట మూడు రోజులుగా నుదుటి పట్టీ మీద వేలాడుతుంటే, ఆమెకు కాళ్ళ ముందున్న మెట్టు తప్ప ఇంకేదీ కనిపించడం లేదు. గ్యాసు బండలు మోస్తున్న గాడిద ఒకటి బుట్టను రాసుకుంటూ పోయింది. ఆమె ఎడమకాలు అంచు దాటి గాలిలో ఆడింది. వెనకాల వస్తున్న బెల్‌మాయా ఆమె నడికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

కూలీల మేస్త్రీ లోక్‌బహాదుర్ పైకెక్కి వచ్చి, ఏమీ అడక్కుండానే కర్రతో ఆమె పిక్కల మీద రెండు వేశాడు. కొండలెక్కడానికి వచ్చిన విదేశీయుల సంచులు లోయలో పడి ఉంటే తన గతి ఏమిటన్నాడు. మనిషి పడి ఉంటే అన్న మాట అతనికి తోచలేదు.

"నీ మరిది కూతురికి నడవడం కూడా నేర్పలేదా?" అన్నాడు బెల్‌మాయాతో.

"దానికి నేర్పానన్నా. గాడిదలకే నేర్చుకునే తీరిక ఇంకా చిక్కలేదు."

వెనక కూలీలు నవ్వారు. మన్‌సరా నవ్వలేదు. ఆమె బెల్‌మాయాకు మరిది కూతురు కాదు. బెల్‌మాయా మగర్, ఎవరింటి గడపైనా దాటగల కులం. మన్‌సరా కామీ, ఇనుము కొట్టి బతికే కులం, ముట్టుకుంటే నీళ్ళు మైలపడే కులం. ఈ దారిలో లాడ్జీలన్నీ కూలీలకు లోపల ఒక గది ఇస్తాయి, కామీలకు మాత్రం గాడిదల కొట్టం చూపిస్తాయి. నిరుడు చైత్రంలో వడగళ్ళు కురిసినప్పుడు, అలాంటి కొట్టంలోనే ఆమె పినతల్లి కొయ్యబారి చచ్చిపోయింది. అందుకే ఇద్దరూ కలిసి ఈ అబద్ధం అల్లుకున్నారు. మేస్త్రీ చిట్టాలో మన్‌సరాకు కూడా బెల్‌మాయా ఇంటిపేరే, థాపా. ఇంకా అయిదు రోజుల దారి ఉంది.

సిమల్‌ధారా మజిలీ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎర్రగా పూసిన గురాంస్ చెట్ల మీద వడగళ్ళు దబదబా పడుతున్నాయి. లాడ్జి యజమానురాలు తులసా, పనిపిల్ల పుట్టింటికి పోయిందని విసుక్కుంటూ, వచ్చిన ఆడకూలీల్లో మన్‌సరా మొహం చూసి చేయి పట్టుకుంది.

"మేస్త్రీ చెప్పాడు, నువ్వు థాపావేగా? రా చెల్లీ, అన్నం సంగతి చూడు. మా ఆయన వండితే వచ్చినవాళ్ళు ఈ దారినే మళ్ళీ రారు."

మన్‌సరా గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. దాటింది. ఎర్రమట్టితో అలికిన పొయ్యి పక్కన కూర్చుంది. ముప్పై ఆరేళ్ళ వయసులో, తన కులం కాని ఇంటి మంట దగ్గర చేతులు చాచడం అదే మొదలు. తడిసిన బట్టలు ఒంటి మీదే ఆవిర్లు కక్కాయి. బియ్యం కడిగి వేసింది, పప్పు తిరగమోత పెట్టింది. తులసా అత్తగారి నడుంనొప్పి గురించీ మొగుడి గురకల గురించీ చెప్పి నవ్వించింది. ముందు విదేశీయులు తిన్నారు. తర్వాత తులసా మొగుడు తేజ్‌బహాదుర్, ఆయన తల్లి తిన్నారు. అన్నం పలుకుగా కుదిరిందని ముసలామె రెండోసారి పెట్టించుకుంది. చివర్న తులసా తన పక్కనే పళ్ళెం పెట్టి మన్‌సరాకు వడ్డించింది.

తినడం అయింది. మన్‌సరా పళ్ళెం తీసుకుని లేచింది. తను కూర్చున్న చోట నీళ్ళు చిలకరించి తుడిచింది. వడగళ్ళు వెలిసిన వాకిట్లో నీళ్ళ ధార దగ్గరికి వెళ్ళి, బూడిదతో పళ్ళెం తోమి, గోడ మీద బోర్లించింది. ఆ పని ఆమె చేయలేదు, చేతులు చేశాయి. పుట్టిన దగ్గర్నుంచి ఏ టీకొట్టులో తిన్నా తాగినా ఆ చేతులు చేసింది అదే.

అరుగు మీద ముసలామె చూస్తోంది.

"థాపాల పిల్ల ఎంగిలి పళ్ళెం తనే తోముకుంటుందా? చోటు కూడా కడుగుతుందా?" అంది మెల్లగా. తర్వాత కొడుకును కేక వేసింది.

తేజ్‌బహాదుర్ జుట్టు పట్టి లాగినప్పుడు మన్‌సరా తల ధార రాతికి కొట్టుకుంది. పొట్టలో తన్నాడు. కింద పడ్డాక వీపు మీద తన్నాడు. తులసా పరిగెత్తుకొచ్చింది. ఆపడానికే అనుకుంది మన్‌సరా. ఇత్తడి గరిటె చెవి మీద పడింది, చెవిలో ఏదో తెగినట్టయింది. నా పొయ్యి, నా పొయ్యి అంటూ తులసా ఏడుస్తూనే కొడుతోంది. మిగిలిన అన్నం గిన్నెతో సహా వాకిట్లోకి వచ్చి పడింది. పై గదిలో విదేశీయులు ఆ అన్నమే తిని నిద్రపోతున్నారు.

లోక్‌బహాదుర్ వచ్చి యజమాని రెక్క పట్టుకున్నాడు. జాలితో కాదు, రేపు ఆ బుట్ట ఎవరెత్తుతారని. అది ముమ్మాటికీ థాపాయేనని, ఎక్కడో కొలువులో పట్టుకున్న అలవాటని చెప్పాడు. బెల్‌మాయా మోకాళ్ళ మీద కూలబడి, నా మరిది కూతురే బాబూ, అని తన పిల్లల మీద ఒట్టేసింది.

మన్‌సరాకు వాకిట్లో మొహాలన్నీ కనిపించాయి. వాళ్ళకు ఆ అబద్ధం కావాలి. తినేసిన అన్నం కోసం, అలికిన పొయ్యి కోసం కావాలి.

తేజ్‌బహాదుర్ లోపలికి వెళ్ళి మండుతున్న కొరివి ఒకటి తెచ్చాడు. "అగ్గి మీద ప్రమాణం చెయ్యి. థాపానని ఒక్క మాట అను. శుద్ధికి బంగారం ముంచిన నీళ్ళు చల్లుకుని ఊరుకుంటాం. రాత్రికి లోపలే పడుకో."

బెల్‌మాయా కళ్ళతో బతిమాలింది. మన్‌సరా నెత్తురు ఉమ్మింది. కొట్టంలో కొయ్యబారిన పినతల్లి పాదాలు గుర్తొచ్చాయి. వాటిని రుద్ది రుద్ది వేడి చేయాలని చూసింది తనే.

"నేను కామీని. నా అయ్య సేతే కామీ. మీ అన్నం నేనే వండాను. బాగుందని మీ అమ్మ మళ్ళీ పెట్టించుకుంది."

ముసలామె గొంతులో వేళ్ళు పెట్టుకుని అరుగు అంచున వంగింది. ఏమీ రాలేదు.

కొరివి మన్‌సరా భుజం మీద దిగింది. చర్మం కాలిన వాసన వచ్చింది. రెండోసారి దిగేలోపు ఆమె చేయి లేచింది. మండే కొసనే పట్టుకుంది. తేజ్‌బహాదుర్ గుంజాడు. మళ్ళీ గుంజాడు. పిడికిలి లోంచి పొగ వస్తోంది.

ఆమె వదల్లేదు.