పిండిన నీళ్ళు

చంద్రమౌళి మాస్టారు రైల్వే స్కూల్లో రిటైరై, ఆ హిందీ ఊళ్ళోనే రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా దుప్పట్లు రైల్వే క్వార్టర్లో ఉతికినట్టే ఉతికేవారు. భార్య కనకం ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకుని పిండేవారు. "పట్టు జారిపోతంది మాస్టారూ, అది సుద్దముక్క కాదు" అని ఆవిడ నవ్వేది.

ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. మాస్టారు మళ్ళీ దుప్పట్ల జోలికి పోలేదు. ఆబ్దికం కొడుకు పెడుతున్నాడు. మహాలయ అమావాస్యనాడు ఆవిడకు నీళ్ళు వదలడానికి మాత్రం మాస్టారు అర్పా నదికి వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులనేవారు. పేరు చెప్పి నీళ్ళు వదిలితే ఆవిడ నిజంగా లేనట్టేనని ఆయన భయం.

ఈసారి అమావాస్య ముందురోజు మనవరాలు హరిప్రియ స్కూలు డిబేట్ కోసం హిందీలో రాసుకున్నది వినిపించింది. రెండో ప్రపంచ యుద్ధం గెలిచిన దేశాలు యూదుల మారణహోమంలో పోయినవాళ్ళకు న్యాయం చేశాయని వాదించాలి. మాస్టారు ఓపిగ్గా విన్నారు. కోర్టులు పెట్టి సాక్షుల మాట వినడం, దోషుల్లో కొందరినైనా శిక్షించడం చిన్న పని కాదన్నారు. గెలిచినవాళ్ళలోనే చీలిక వచ్చి కొత్త శత్రువు ఎదురయ్యేసరికి శిక్ష పడ్డవాళ్ళలో చాలామందిని గడువుకు ముందే వదిలేశారని, గెలిచినవాళ్ళు తాము బాంబులు వేసిన ఊళ్ళ సంగతి ఆ కోర్టుల్లో తేల్చలేదని కూడా చెప్పారు.

"అచ్ఛా, మొత్తానికి నన్ను ఓడించేశావు" అని ఆ పిల్ల నవ్వింది. కాగితం మడుస్తూ ఆగింది. "తాతా, ఇంటిల్లిపాదీ పోతే వాళ్ళకి నీళ్ళు ఎవరొదుల్తారు? గెలిచినోళ్ళు వదిలారేటి?"



"వాళ్ళు తీర్పు చెప్పారమ్మా. నీళ్ళకి అయినవాళ్ళు కావాల."

అయినా తర్పణాల చివర, నా అన్నవాళ్ళు లేనివాళ్ళందరి కోసం బట్ట పిండి ఆ నీళ్ళు వదులుతారని చెప్పారు.

"ఏ దేశమోళ్ళకైనా?"

"దేశం అడగరు."

"అయితే రేపు పద. మోకాళ్ళ మాట ఎత్తకు. నానమ్మైతే చెవి పట్టుకుని లాక్కెళ్ళును."

మర్నాడు పొద్దున్నే ఏటి ఒడ్డున పురోహితుడు చెప్పినట్టు మాస్టారు తల్లిదండ్రుల పేర్లు చెప్పారు. తర్వాతి పేరు దగ్గర ఆగిపోయారు. పురోహితుడు తొందరపెట్టలేదు. హరిప్రియ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"కనకం" అన్నారు. దోసిట్లోంచి నీళ్ళు జారాయి.

చివరికి తువ్వాలు తడిపి పిండబోతే పట్టు జారింది. హరిప్రియ రెండో కొస అందుకుంది.

"పట్టు జారనీకు తాతా."

ఇద్దరూ చెరో వైపు మెలితిప్పారు. ఎవరూ లేనివాళ్ళ నీళ్ళు ధారగా ఒడ్డున పడ్డాయి.

దారిలో మాస్టారు, ఇంట్లో ఉతకాల్సిన దుప్పట్లు ఎన్ని ఉన్నాయని హరిప్రియను అడిగారు.