కుడిచేతి బ్రేకు

నేను ఒక కొండ సైకిల్‌ని. తైవాన్‌లో తయారయ్యాను. కెనడాలో ఒకాయన నన్ను కొన్నాళ్లు తొక్కి, విశాఖపట్నం బదిలీ అయినప్పుడు వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడ తొక్కే తీరిక దొరకలేదు. బాల్కనీలో నా మీద తువ్వాళ్లు ఆరేసేవారు. చివరకు పాడేరు వైపు, తీగమెట్ట అనే కొండ కింద సైకిళ్లు అద్దెకిచ్చే గెమ్మెలి సన్యాసికి అమ్మేశారు.

తీగమెట్ట మీదికి ఒక్క చక్రం పట్టేంత బాట ఉంది. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. పైకెక్కితే మేఘాలు కాళ్ల కింద ఉంటాయి. వాటిని చూడటానికి చలికాలమంతా జనం వస్తారు. వచ్చి, వాటికి వీపు పెట్టి ఫొటోలు దిగుతారు.

నాలో ఒక తేడా ఉంది. ఇక్కడి సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రాన్ని పడుతుంది. నాకు వెనక చక్రాన్ని పట్టేది. దిగుడులో ముందు చక్రాన్ని గట్టిగా పడితే సైకిల్ ఆగుతుంది, మనిషి ఆగడు. నా తేడా తెలియక, వెనక చక్రానిదనుకుని ఎడమచేతి బ్రేకు బిగించి, అద్దెకు తీసుకున్న ఇద్దరు నా మీంచి పడ్డారు. అప్పట్నుంచి సన్యాసి భార్య జమున నన్ను తీసుకుంది. జనాన్ని కొండమీదికి తీసుకెళ్లి తెచ్చే పని ఆమెది. ఆమె సైకిల్ నేర్చుకున్నదే నా మీద. కుడిచెయ్యి బిగిస్తే వెనక చక్రం ఆగుతుందని ఆమె వేళ్లకు తెలుసు. తలచుకోవలసిన పనిలేదు.

ఒకరోజు ఆమె సంతకు వెళ్లినప్పుడు సన్యాసి నా బ్రేకు తీగలు విప్పి, మిగతా సైకిళ్లకు ఉన్నట్టే బిగించాడు. ఇక ఎవరూ పడరనుకున్నాడు. ఆమె రాగానే చెబుదామనుకున్నాడు. ఆమె ఎండుచేపలు తెచ్చింది.

"కంపు కొడతన్నాయి. ఏటి తెచ్చావే?"

"నీ ముక్కు మూసుకుని తిను. నోటితో కదా తినేది."

మాట చేపల మీదికి పోయింది.

తెల్లారి నలుగురు వచ్చారు. అందులో ఒకతను నన్ను తనకిమ్మని అడిగాడు.

"అది తిరకాసుది బాబూ, నా మాటే వింటాది" అని జమున నన్నెక్కింది.

సన్యాసి ఇంకో సైకిల్‌కు గాలి కొడుతున్నాడు. "బేగి వచ్చీయే" అన్నాడు తలెత్తకుండా.

"మబ్బులకి చెప్పు, బేగి కదలమని."

ఎక్కేటప్పుడు బ్రేకుతో పనిలేదు. పైన ఆమె కాలు ఆనించి ఆగింది. వాళ్లు ఫొటోలు దిగారు. మాట్లాడే నోళ్లు అన్ని ఉన్నాయక్కడ. తెలిసినది నాకొక్కదానికే.

కింద సన్యాసి కాలికి బ్రేకు తీగముక్క గుచ్చుకుంది. అప్పుడు గుర్తొచ్చిందట. ఫోన్ చేస్తే కలవలేదట. పరుగెత్తాడట. ఇదంతా తర్వాత పోలీస్ స్టేషన్‌లో అతను చెబుతుంటే విన్నాను.

శిఖరం నుంచి కొంతదూరం బాట చదును. తర్వాత బండ పక్కగా దిగుడు, దాని చివర మలుపు. అక్కడ జమున బ్రేకు ముట్టదు. మలుపు దాటాకే నొక్కుతుంది. ఆ మలుపులో సన్యాసి ఎదురొచ్చాడు. రెండు చేతులూ ఎత్తి, "కుడిది పట్టకే" అని అరిచాడు. దారికి అడ్డంగా మొగుడు నిలబడితే ఎవరైనా చేసే పనే ఆమె చేసింది. కుడిచెయ్యి బిగించింది.

నేను ఆగాను. ఆమె లోయలోకి పోయింది.

స్టేషన్‌లో కానిస్టేబుల్ నన్ను అటూ ఇటూ నడిపి, బ్రేకులు నొక్కి చూశాడు.

"బాగానే ఉన్నాయి కదయ్యా."

"ఉంటాయి బాబూ. నేనే బాగుచేశాను."

"మరి నీ తప్పేటి?"

"అదే బాబూ. బాగుచేశాను."

"దానికి కేసేటి రాస్తారయ్యా. ఇంటికెళ్లు."

సన్యాసి బెంచీ మీంచి లేవలేదు. ఏదో ఒకటి రాయమని అడుగుతూనే ఉన్నాడు. చివరికి ఇద్దరు అతన్ని భుజాలు పట్టి లేపారు. సైకిల్ తీసుకుపొమ్మన్నారు. అతను నా దాకా వచ్చి, హ్యాండిల్ వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

నేనింకా స్టేషన్ గోడ పక్కనే ఉన్నాను.