రిపోర్టులో ఒక్క మాట

చిలకలపూడిలో శోభనాద్రి గారి గిల్టు నగల కార్ఖానాలో కల్పన తొమ్మిదేళ్లు పనిచేసింది. యాసిడ్ నీళ్లలోంచి గొలుసులు తీసి, కడిగి, ఆరబెట్టడం ఆమె పని. కిందటి వానాకాలంలో వేళ్ల సందులు పగిలాయి. ముందు దురద, తర్వాత మంట, ఆ తర్వాత రసి. చూస్తుండగానే మణికట్ల దాకా పాకింది.

పక్కన కూర్చునే ఉమాశ్రీ మొదటివారం కొబ్బరినూనె తెచ్చి ఇచ్చింది. రెండోవారం క్యారేజీ పట్టుకుని అవతలి గుమ్మం దగ్గర కూర్చుని తినసాగింది. తొమ్మిదేళ్లుగా ఒకరి కూర ఒకరు కలుపుకున్న మనుషులు. "ఇంట్లో చంటిపిల్ల ఉంది కదే, ఏమనుకోకు," అంది తలెత్తకుండా.

"గజ్జి తగ్గాక రామ్మా," అన్నాడు శోభనాద్రి.

"గజ్జి కాదండీ."

"కాదని డాక్టరు చేత రాయించుకురా."

కల్పన గుడివాడ వెళ్లి చర్మవ్యాధుల డాక్టరు మేధ గారికి చూపించుకుంది. ఆవిడ దూదిపుల్లతో రసి తీసి ల్యాబుకి పంపింది. రిపోర్టు వచ్చాక విడమరిచి చెప్పింది: "ఇది ఎగ్జిమా. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈ బ్యాక్టీరియా చాలామంది ఒంటిమీద ఊరికే పడి ఉంటుంది. యాసిడ్‌కి మీ చర్మం పగిలింది కనక అక్కడ మితిమీరి పెరిగింది. అది పెరిగినకొద్దీ జబ్బు ముదురుతుంది. మందు వాడండి, చేతులు నీళ్లలో నానబెట్టకండి."

అంటువ్యాధి కాదని చీటీ కూడా రాసిచ్చింది.

శోభనాద్రి ఆ చీటీని ఇలా చూసి అలా పక్కన పెట్టాడు. ల్యాబు రిపోర్టు మాత్రం నిదానంగా చదివాడు. 'బ్యాక్టీరియా' దగ్గర అతని వేలు ఆగింది.

"క్రిములున్నాయని వీళ్లే రాశారు కదమ్మా!"

"అవి చాలామందికి ఉంటాయంటండీ. మీకూ ఉండొచ్చు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. శోభనాద్రి కాగితాన్ని స్కేలు కొసతో ఆమె వైపు నెట్టాడు. కల్పన ఉమాశ్రీ కేసి చూసింది. ఉమాశ్రీ రాళ్లు పొదుగుతూనే ఉంది.

కోడూరులో తల్లి వెంకాయమ్మ దగ్గరికి వెళ్లిపోయి రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరింది కల్పన. మందుకి సగం మానిన చేతులు ఐసు నీళ్లకి మళ్లీ పగిలాయి.

"గ్లవుజులు అడగవే," అంది వెంకాయమ్మ.

"అడిగితే రేపట్నించి రావద్దంటారమ్మా."

అక్కడ ఆమె చేతుల్ని ఎవరూ వింతగా చూడలేదు. అందరి చేతులూ అలాగే ఉన్నాయి.

క్రిస్మస్ ముందు ఉమాశ్రీ ఫోన్ చేసింది. "పిల్లకి మోచేతి మడతల్లో దద్దుర్లే. గీరి గీరి రసి కారుతోంది. ఆ గుడివాడ డాక్టరు ఎక్కడుంటారు?"

కల్పన సందుతో సహా చెప్పింది. డెట్టాలు పొయ్యొద్దంది, సబ్బుతో రుద్దొద్దంది, పిల్ల గోళ్లు కత్తిరించమంది.

"కార్ఖానాలో ఎవరికీ చెప్పకే. నన్నూ మానిపిస్తారు."

"నేనక్కడ లేనుగా, ఎవరికి చెప్తాను?"

"కోపం తెచ్చుకోకు కల్పనా... ఇది నీ దగ్గర్నించి రాలేదు కదా?"

ఆ పిల్లని కల్పన చూసి ఏడాది దాటింది. ఆ సంగతి ఉమాశ్రీకీ తెలుసు.

"ఆదివారం ఆవిడ ఉండరు. సోమవారం వెళ్లు," అని చెప్పి ఫోన్ పెట్టేసింది.