కర్నూలు బండి

ఆంధ్రరాష్ట్రానికి కర్నూలు రాజధాని అయ్యాక, నంద్యాలలో బస్సులు నడిపే శేషిరెడ్డి ఆ ఊరికి కొత్త బండి వేశాడు. ఆళ్లగడ్డ బండి డ్రైవరు రాజరత్నాన్ని పిలిపించాడు.

"మన డ్రైవర్లలో నీ అంతటోడు లేడప్పా. రేపట్నుంచి కర్నూలు బండి నీదే. రాత్రిపూట ఆడనే పడుకో."

రాజరత్నం మొహం వాడిపోయింది. ఇన్నాళ్లూ పొద్దుగూకేసరికి ఆళ్లగడ్డ చేరి, భార్య లూదియా మట్టి అందిస్తుంటే సొంత ఇంటి గోడ పెడుతున్నాడు. వానలు రాకముందే కప్పు పడాలి.

"అయ్యా, ఇల్లు కట్టుకుంటాండా. నన్ను ఆళ్లగడ్డకే ఉంచండి."

"పెద్ద బండిస్తే గోడలంటావేందీ? ఆళ్లగడ్డకు పుల్లయ్య చాలు. వానికి గేరు కూడా సరిగ్గా పడదు."

గేరు పడని పుల్లయ్య రోజూ ఇంట్లో పడుకుంటున్నాడు. రాజరత్నం కర్నూలు బస్టాండులో బండి మీదే పడుకుంటున్నాడు. పనిలో చెడ్డపేరు తెచ్చుకుంటే తప్ప ఇంటికి పోలేనని అతనికి అనిపించింది.

ఒకరోజు పాణ్యంలో టీ తాగడానికి దిగి, బండిని కావాలనే చాలాసేపు ఆపేశాడు. సర్కారు కచేరీల్లో పనులున్న ప్రయాణికులు తిట్టిపోశారు. సిగ్గుతో చెవులు మండుతున్నా కదలలేదు.

కబురు శేషిరెడ్డికి చేరింది.

"నాకు చేతకాదయ్యా. ఆళ్లగడ్డ బండే ఇయ్యండి" అన్నాడు రాజరత్నం.

"చేతకానోడికి బండెందుకు? షెడ్డులో ఉండి బండ్లు కడుగు."

ఆ సాయంత్రం రాజరత్నం పుల్లయ్య బండిలోనే ఇంటికి బయల్దేరాడు. గేరు గరగరమన్నప్పుడల్లా, క్లచ్చి తొక్కినట్టు, రాజరత్నం ఎడమకాలు తనంతట తానే నేలను తొక్కింది. శిరివెళ్ల దాటగానే వాన పట్టుకుంది.

లూదియా గోడమీద జొన్నచొప్ప కప్పుతోంది. సంగతంతా విని, చేతిలోని మోపు కింద పడేసింది.

"ఎవరు పేరు చెడగొట్టుకోమన్నారు నిన్ను?"

"ఇంటి కోసమే గదా."

"ఇంటికోసమైతే నాతో ఒక మాట అనకూడదా? గోడ వచ్చే యేడాదైనా పెట్టుకుందుము. మంచి డ్రైవరన్న పేరు మళ్లా యాడ తెస్తావ్?"

రాజరత్నానికి కోపమొచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. తడుస్తూనే మోపు ఎత్తి గోడమీద పరిచాడు.

తెల్లవారి షెడ్డుకు వెళ్లేసరికి కర్నూలు బండెక్కి కొత్త డ్రైవరు తంటాలు పడుతున్నాడు.

"అన్నా, ఈ రెండో గేరు పడదేందీ?"

చెప్పకూడదనుకున్నాడు రాజరత్నం. బకెట్టు కింద పెట్టి, "లాగొద్దప్పా, కొంచెం ఎడమకు నెట్టి ఎయ్యి" అన్నాడు.

బండి మెత్తగా కదిలి గేటు దాటిపోయింది.