మంచు అంటే ఐసే

ముందే చెబుతున్నాను, నాకు ఓపిక లేదు. చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను గానీ, మధ్యలో కాస్త ఆగితే ఏమీ అనుకోకండి. నేనొక పిల్లల బొమ్మల పుస్తకాన్ని. అట్టమీద తెల్ల ఎలుగుబంటి చెక్కబల్ల ఎక్కి మంచుమీద జారుతూ ఉంటుంది. లోపల కుందేళ్ళు, నక్కలు, గుడ్లగూబలు, అన్నీ చలికాలం వచ్చిందని గంతులేస్తుంటాయి. పేజీకో బొమ్మ, బొమ్మ కింద ప్రాస కుదిరిన రెండు లైన్లు. పెళ్ళివారిల్లు కడుపులో పెట్టుకుని తిరిగినట్టుంటుంది నా బతుకు. వాళ్ళకి అలుపు లేదు. వాళ్ళ అలుపంతా నాదే.

పుట్టింది విజయవాడలో, ఒక చిన్న ప్రెస్సులో. బొమ్మలు ఎక్కడో చలిదేశంలో వేసినవి. వాటికి తెలుగు మాటలు కట్టమని ఒక పెద్దాయనకి అప్పజెప్పారు. అది రోహిణీ కార్తె. ఆయన ఒంటిమీద ఒక్క బనీనుతో కూర్చుని, మెడలో తడితువ్వాలు వేసుకుని, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా మంచినీళ్ళ చెంబు బరువు పెట్టి, నా చలికాలం రాశాడు. మంచుగడ్డని ఆయన చూసింది సోడాబండి దగ్గరే. అయినా కొన్ని బాగానే కుదిరాయి.

తెల్ల ఎలుగు మురిసింది
మంచు ముద్ద విసిరింది

ఇది బాగుందా లేదా? బాగుంది. కుందేలుదీ ఫర్వాలేదు. పెంగ్విన్ దగ్గరకొచ్చేసరికి పాపం ఆయనకి ప్రాస దొరకలేదు. మధ్యాహ్నమంతా తల గోక్కుని, చివరికి పెంగ్విన్‌ని పట్టుకుని బాతు చేసేశాడు. 'జర్రున జారింది బాతు, జారుతూ ఊపింది చేతు' అన్నాడు. చేతు అంటే ఏమిటని ప్రెస్సు యజమాని అడిగితే, చెయ్యే, పద్యంలో అలా వస్తుందన్నాడు. బాతుకి చెయ్యెక్కడిదని ఎవరూ అడగలేదు. సాయంత్రానికి పని అయిపోవాలి కదా.

ఇంకో సంగతి కూడా అప్పుడే జరిగింది. ఆ చలిదేశాల్లో ఆకాశం నుంచి దూదిలా రాలేదానికి ఒక పేరు, గడ్డకట్టినదానికి ఒక పేరు, పొద్దున్నే కమ్ముకునేదానికి ఒక పేరు ఉంటాయట. మనకి గడ్డిమీద మెరిసేదీ మంచే, రోడ్డు కనబడకుండా చేసేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. ఒక్క మాట ఇన్ని పనులు చేస్తుంటే ఇంకో మాట వెతికేదెవరు? ఆయన అన్నిచోట్లా మంచు అనే రాసి, చెంబులో నీళ్ళు తాగి ఇంటికెళ్ళిపోయాడు.

తర్వాత విశాఖపట్నంలో ఒక షాపు అద్దాల వెనక కొన్నాళ్ళున్నాను. అక్కణ్ణించి పుట్టినరోజులు మొదలయ్యాయి. ఒక పిల్లవాడి పుట్టినరోజుకి మెరుపు కాగితం చుట్టి నన్నిచ్చారు. వాళ్ళమ్మ కాగితం చింపకుండా జాగ్రత్తగా దాచి, ఇంకో పిల్లకిచ్చింది. ఆ పిల్ల వాళ్ళు మరొకళ్ళకిచ్చారు. ఎన్ని కేకులు కోస్తుంటే విన్నానో, ఎన్నిసార్లు చప్పట్లు విన్నానో. ఒక్కటీ నాకోసం కాదు, ఒక్కళ్ళూ నన్ను తెరవలేదు. చదువు గురించి అంత మాట్లాడే మనుషులు పుస్తకాన్ని కాలే గిన్నెలా చేతులు మార్చడం చూస్తే నవ్వొచ్చేది. అప్పటికి నాకు నవ్వే ఓపిక ఉండేది.

చివరిగా నేను చేరిన ఫ్లాటులో సామాను సర్దుతూ, పాతబట్టలతోపాటు నన్ను గుమ్మంలో చేపలమ్మే ఎల్లాయమ్మ గంపలో పడేశారు. ఎల్లాయమ్మకి పిల్లల్లేరు. ఆమె నన్ను చేపల వాసన అంటకుండా కొంగులో చుట్టి, జాలరిపేటలో ఉన్న తన చెల్లెలు నూకరత్నం ఇంటికి పట్టుకెళ్ళింది. నూకరత్నానికి ఒక్కతే కూతురు, కుసుమ. అప్పుడే బడిలో వేశారు. మొగుడు బోటుమీద సముద్రంలోకి వెళితే ఎప్పుడొస్తాడో ఆ బోటుకే తెలియాలి.

మెరుపు కాగితాన్ని చింపిన మొదటి మనిషి కుసుమ. చింపడమంటే అలా ఇలా కాదు, పళ్ళతో. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చిందని చెప్పడానికి సిగ్గెందుకు?

నూకరత్నం హార్బరు దగ్గర రొయ్యల షెడ్డులో పనిచేసేది. బోట్లలోంచి దిగిన రొయ్యల్ని ఐసులో కప్పెట్టి ఉంచుతారు. ఆడవాళ్ళంతా బల్లల చుట్టూ నిలబడి, ఆ ఐసులో చేతులు పెట్టి రొయ్యలు తీసి, తలలు తుంచి, పొట్టు వొలుస్తారు. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా. ఆమె ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గంజి కాగేలోపు నన్ను ఒళ్ళో పెట్టుకునేది. చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేది. పేజీ తిప్పడానికి ఆమె వేళ్ళు పనికొచ్చేవి కావు. వేళ్ళ చివర్లు తెల్లగా, ముడతలు పడి, స్పర్శ లేకుండా ఉండేవి. మణికట్టుతో నెట్టి తిప్పేది. నాలో ఉన్న చలంతా రంగే. అసలు చలి ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ చేతులు తగిలాకే.

మొదటి సాయంత్రమే కుసుమ అడిగింది. "మంచంటే ఏటమ్మా?"

"ఐసేనే బుల్లీ. మా సెడ్డులో రొయ్యల మీద ఎయ్యరేటి, అదే."

కుసుమ నోరు తెరిచింది. ఎలుగుబంటి వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. "అయితే నువ్వు రోజూ ఐసులో ఆడుకుంతన్నావా?"

నూకరత్నానికి నడుం విరిగిపోతోంది. గంజి పొంగుతోంది. 'కాదు' అంటే ఇంకో పది ప్రశ్నలు. "ఊఁ" అంది.

ఆ 'ఊఁ' ఎంతదూరం వెళ్ళిందో చూడండి. బడిలో టీచరు, మీ అమ్మానాన్నలు ఏం పనిచేస్తారని అడిగితే, కుసుమ లేచి నిలబడి, "మా అమ్మ ఐసులో ఆడుకుంటాది టీచర్, దానికి మళ్ళీ డబ్బులు కూడా ఇత్తారు" అందట. పిల్లలంతా అసూయతో చచ్చిపోయారట. ఇంటికొచ్చి ఈ మాట గొప్పగా చెప్పింది. నూకరత్నం నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఆ తర్వాత పిల్ల రోజూ అడిగేది, ఇవాళ ఏం ఆడావని. ఈమె రోజూ ఒకటి కల్పించేది. ఇవాళ ముద్దలు చేసి విసురుకున్నాం, ఇవాళ సుబ్బలచ్చి జారి పడింది, ఇవాళ ఐసుతో కోట కట్టాం. కల్పించేకొద్దీ ఆమె ముఖం తేటపడేది. నా పెద్దాయనకంటే బాగా కల్పించేదని ఒప్పుకోక తప్పదు.

ఎల్లాయమ్మ ఒకరోజు తిట్టింది. "పిల్లకి ఎందుకలా అబద్దాలు సెప్తావే?"

"ఉండనియ్యప్పా," అంది నూకరత్నం అక్కతో, చేతులు చంకల్లో పెట్టుకుని. "ఈ లోకంలో నన్ను సూసి కుళ్ళుకునేది ఇదొక్కర్తే. అది కూడా పోగొట్టుకోమంతావా?"

ఎల్లాయమ్మ గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

కానీ పిల్లల ఆశ ఒకచోట నిలబడదు. కొన్నాళ్ళకి కుసుమ పొద్దున్నే బడికి వెళ్ళనని మారాం మొదలుపెట్టింది. బడిలో ఏముంది, అక్షరాలూ బెత్తమూ. అమ్మేమో హాయిగా ఐసులో ఆడుకుంటోంది. "నాను కూడా సెడ్డుకే వత్తాను. నువ్వొక్కర్తివే ఆడుకుంతావా?" అని కొంగు పట్టుకుని వీధంతా ఏడ్చేది. నూకరత్నం మొదట బుజ్జగించింది, తర్వాత వీపుమీద ఒక్కటిచ్చింది. ఏదీ పనిచెయ్యలేదు. బడికి నాగాలు పడ్డాయి. నా పేజీల్లో ఎలుగుబంటి మాత్రం ముద్దలు విసురుతూనే ఉంది. దాని మూతి పగలగొట్టాలనిపించేది నాకు.

ఈ సంగతి షెడ్డులో పని చూసే మేస్త్రీ చెవిన పడింది. అతను నవ్వుతూ అన్నాడట, "తీసుకొచ్చీవే. చిన్న రొయ్యలకి చిన్న సేతి ఏళ్ళే మంచివి."

ఆ మాట విన్న సాయంత్రం నూకరత్నం నన్ను ముట్టుకోలేదు. గోడకి ఆనుకుని కూర్చుని అక్కతో చెప్పింది. తను కూడా అలాగే వెళ్ళిందట. బడి సెలవుల్లో సరదాగా అమ్మవెంట షెడ్డుకి వెళ్ళి, అప్పటి మేస్త్రీ ఇచ్చిన బిళ్ళ చాక్లెట్టు తిని, మళ్ళీ బడి ముఖం చూడలేదట. "ఎవరూ నన్ను ఈడ్సుకెల్లలేదప్పా. నానే ఎల్లాను, ఎగురుకుంతా" అంది. ఆమెకి భయం వేసింది. నాకూ వేసింది. గంతులేస్తూ వెళ్ళినవాళ్ళు ఎక్కడ తేలతారో గంతుల పుస్తకాన్నైన నాకు అంతవరకు తట్టలేదు.

వచ్చిన ఆదివారం ఆమె కూతురికి తల దువ్వి, రిబ్బను కట్టి, "పద, ఆడుకుందువు గానీ" అంది. కుసుమ నన్ను కూడా చంకన పెట్టుకుంది. అమ్మా, ఎలుగుబంటీ, తనూ కలిసి ఆడాలట.

రేకుల షెడ్డు. కిందంతా నీళ్ళు. బల్లల చుట్టూ ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. నన్ను ఒక తడి బల్ల చివర పెట్టారు. అక్కడ నా అట్ట ఉబ్బిపోయింది, రొయ్యల నీళ్ళు నా మొదటి పేజీల్లోకి ఇంకిపోయాయి. కుసుమ ఇవేవీ చూడలేదు. టబ్బులో కుప్పగా ఐసు! రెండు చేతులూ పెట్టి ముద్ద చేసింది, కేరింతలు కొడుతూ విసిరింది. తెల్ల ఎలుగు మురిసింది అని పాడింది కూడా. ఒకరిద్దరు ఆడవాళ్ళు తలెత్తి నవ్వారు.

"బాగుందా?" అంది నూకరత్నం. "ఇప్పుడు సేతులు లోపలెట్టి రొయ్యలు తియ్యి. నాతోపాటు."

పిల్ల తీసింది. తల తుంచబోతే ముల్లు గుచ్చుకుంది. ఇంకొకటి తీసింది. కాసేపటికి పాట ఆగింది. చేతులు ఎర్రబడ్డాయి. ముద్దగా కనబడిన ఐసు ఇప్పుడు కొరుకుతోంది. "సాలమ్మా" అంది. తల్లి చేతులు టబ్బులోనే ఉన్నాయి. "అమ్మా, సాలు. నొప్పెడతంది."

"నాకు సాలు అనడానికి లేదే బుల్లీ. సాయంత్రం దాకా."

కుసుమ అప్పుడు చూసింది, అమ్మ చేతులు. అంతకుముందు ఎన్నిసార్లు వాటిని పట్టుకుందో, ఎన్నిసార్లు అవి అన్నం కలిపి పెట్టాయో. చూడటం మాత్రం అప్పుడే. వెక్కి వెక్కి ఏడ్చింది. తన నొప్పికి ఏడ్చిందో, అమ్మ నొప్పికి ఏడ్చిందో ఆ పిల్లకీ తెలీదు.

మేస్త్రీ అటుగా వచ్చి, "ఏడవనీ, అలవాటైపోద్ది" అన్నాడు.

నూకరత్నం అతని ముఖంలోకి చూసింది. "నా పిల్లకి అలవాటవ్వక్కర్లేదు మేస్త్రీ" అని, కుసుమ చేతుల్ని తన జాకెట్టు లోపల, కడుపుకి ఆనించి పెట్టుకుంది. పక్కనున్న సుబ్బలక్ష్మి మేస్త్రీకి కనబడకుండా వాళ్ళిద్దరికీ అడ్డంగా జరిగి నిలబడి, తన వాటా వొలుచుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు కుసుమ బడికి మారాం చెయ్యలేదు. ఆ తర్వాతా చెయ్యలేదు. పలకా సంచీ తనే సర్దుకుని వెళ్ళేది. నూకరత్నం కోరుకున్నది అదే, అయినా ఆమె నీరసించిపోయింది. సాయంత్రం గుమ్మంలోకి రాగానే, ఇవాళ ఏం ఆడావమ్మా అని ఇప్పుడెవరూ అడగరు. పిల్ల లేచి, గోరువెచ్చని నీళ్ళు గిన్నెలో పోసి తెచ్చి పెడుతుంది. ఈమె చేతులు ముంచుకుంటుంది. నేను గూట్లో ఎండుతూ ఉన్నాను. నన్ను పారేస్తారనుకున్నాను. పారేస్తే బాగుండుననీ అనుకున్నాను.

కొన్ని నెలలకి, ఒక సాయంత్రం, కుసుమ నన్ను దించింది. అప్పటికి దానికి గుణింతాలు వచ్చాయి. అంటుకుపోయిన పేజీల్ని ఊదుతూ విడదీసి, చాపమీద నడుం వాల్చిన తల్లి పక్కన కూర్చుని, తనే చదివి వినిపించింది. నూకరత్నం కళ్ళు మూసుకునే 'ఊఁ' కొట్టింది. బాతు చేతు ఊపితే ఇద్దరికీ నవ్వొచ్చింది. చాలా రోజులకి ఆ ఇంట్లో నవ్వు.

నా చివరి పేజీలో జంతువులన్నీ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతాయి. కింద ఇలా ఉంటుంది:

ఇంకా ఇంకా మంచు రావాలి
ఎప్పుడూ ఈ ఆటే కావాలి

కుసుమ ఆ పేజీ తిప్పింది. పెదవులు కదిపి లోపల్లోపలే చదువుకుంది. తల్లి పొట్టమీద ఆనించుకున్న చేతులకేసి చూసింది. మెల్లిగా నన్ను మూసేసింది.

"అయిపోయిందమ్మా."

నూకరత్నం కళ్ళు తెరిచింది. ఆ పేజీని ఆమె ఎన్ని సాయంత్రాలు కూడబలుక్కుని చదివిందో. ఆ రెండు లైన్లు ఆమెకి రాకుండా ఉంటాయా?

"అవును బుల్లీ," అంది, "అయిపోయింది."

ఆ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు. మధ్యలో నేను నోరు మూసుకుని ఊరుకున్నాను.